కుడి దిక్కుకెల్లి వస్తున్న

షాజాదీ బేగంకు నడవడం అంటే ఎప్పుడూ ఎక్కడికో ఒకచోటికి పోవడమే. బజారుకు, ఆడబిడ్డ ఇంటికి, దర్గాకు, దవాఖానకు. ఊరికే నడవడం అనేది ఆమె జీవితంలోకి యాభై ఏళ్ళు దాటాక, షుగరు జబ్బుతో పాటు వచ్చింది. దవాఖానలో డాక్టరమ్మ రిపోర్టు చూసి, "గోలీలు ఒక్కటే సరిపోవు. రోజూ పొద్దున నడవాలి" అని చెప్పినప్పుడు ఆమె నవ్వింది.

"గీ మందమర్రిల యాడ నడువాలె డాక్టరమ్మా? రోడ్డు మీద బొగ్గు లారీలు, గల్లీలల్ల కుక్కలు."

"పాత రైలుకట్ట మీద ట్రాక్ వేశారు కదా, చూడలేదా?"

చూడలేదు. ఆ కట్ట మీద ఒకప్పుడు బొగ్గు రైలు నడిచేదని మాత్రం తెలుసు. గని మూతపడ్డాక పట్టాలు ఊడదీసుకుపోయారు, కట్ట మిగిలింది. ఏళ్ళ తరబడి తుమ్మలు, తంగేళ్ళు మొలిచి పడి ఉన్న ఆ కట్టను ఈమధ్యనే చదును చేసి, ఎర్రమొరం పోసి, అక్కడక్కడా సిమెంటు బెంచీలు వేసి, కార్మికుల క్వార్టర్ల దగ్గర ఒక గేటు పెట్టారు. గేటు దగ్గర మొదలైన దారి టేకు చెట్ల మధ్య నుంచి సాగి, కట్ట కింద వాన నీళ్ళు పోయే ఒక మోరీ దగ్గర వంపు తిరిగి, మూతపడిన గని దాకా పోతుంది. పొద్దున్నే రిటైరైన కార్మికులు జట్లు జట్లుగా నడుస్తారు. కాలేజీ పిల్లలు పరుగెత్తుతారు. కొందరు సైకిళ్ళు తొక్కుతారు. ఇస్తారి అనే ఆయన తన బర్రెలను ఆ కట్ట మీదుగానే మేతకు తోలుకుపోతాడు. రైలు బందైన నాటి నుంచీ ఆయన దారి అదే.

ఇంతమందికీ దారి ఒక్కటే. ఎవరు ఏ పక్క నడవాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

మొదటి రోజు భర్త చాంద్‌పాషా గేటు దాకా వచ్చి దిగబెట్టాడు. ఆయనకు బజారులో దర్జీ దుకాణం. "నువ్వు గూడ రారాదు?" అని ఆమె అడిగితే, "పొద్దంత మిషిని తొక్కెటోనికి మల్ల నడకేంది?" అని వెనక్కి తిరిగాడు. బుర్ఖా కింద కాన్వాసు బూట్లు వేసుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది. తనను ఎవరూ చూడడం లేదని తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది. చలికాలం వచ్చేసరికి ఆ నడక లేకపోతే రోజు మొదలైనట్టే ఉండేది కాదు. ఇంటికి పోయి ఏం వండాలి అన్న ఆలోచన మోరీ దాకా వెంట వచ్చేది. మోరీ దాటాక అదీ ఉండేది కాదు. టేకు ఆకుల మీద మంచు చుక్కలు రాలే చప్పుడు వింటూ, అందరిలాగే దారికి నట్టనడుమ నడిచేది.

జనవరిలో ఒక పొద్దున మంచు బాగా దిగింది. పది అడుగుల అవతల మనిషి నీడలా కనిపిస్తున్నాడు. అదే పొద్దున స్పందన అనే అమ్మాయి సైకిలు మీద ట్రాక్ ఎక్కింది. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. ఎండాకాలంలో ఆదిలాబాద్‌లో జరగబోయే సైకిలు పందెంలో పాల్గొనాలని ఆమె పట్టుదల. మామూలు రోజుకైతే ఆమె వేగం పెద్ద వేగమేమీ కాదు. ఆ మంచులో మాత్రం ఎక్కువే.

మోరీ దగ్గర వంపు తిరగగానే ఎదుట నల్లటి ఆకారం కనబడింది. స్పందన బెల్లు కొట్టింది. షాజాదీ బేగం వింది. మెడ వెనకే మోగినట్టనిపించి, కుడివైపుకు దుమికింది. స్పందన కూడా కుడివైపు నుంచి దాటిపోదామనే హ్యాండిల్ తిప్పింది.

ఇద్దరూ మొరం మీద పడ్డారు. షాజాదీ బేగం కుడిచేయి ఒంటి కింద నలిగింది. లేచి కూర్చుని చూసుకుంటే మణికట్టు దగ్గర చేయి తనది కానట్టు వంకరగా ఉంది. స్పందన మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. ఆ సంగతి ఆ పిల్లకు తెలియనే లేదు. "ఖాలా... ఖాలా..." అంటూ, సొంత పిన్నిని పిలిచినట్టు, అదే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది.

వెనక నుంచి బర్రెలతో వస్తున్న ఇస్తారి కర్ర పారేసి పరుగెత్తుకొచ్చాడు. తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి, ఆమె చేతిని కదలకుండా మెడకు వేలాడగట్టాడు.

"ఏడువకు బిడ్డా," అన్నాడు స్పందనతో. "ఆమెను ఆ పక్క పట్టుకో. గేటు కాడికి పోతే ఆటో దొరుకుతది."

దవాఖానకు చాంద్‌పాషా మెడలో కొలతల టేపు తీయకుండానే వచ్చాడు. భార్య చేతిని చూశాడు. గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లను చూశాడు.

"కండ్లు కనబడ్తలేవా నీకు? ముసలామెను పడగొట్టి చెయ్యి ఇరగ్గొడ్తవా?"

నొప్పితో కళ్ళు మూసుకుని ఉన్న షాజాదీ బేగం కళ్ళు తెరిచింది. "ముసలామె ఎవ్వలు?" అంది.

కట్టు కడుతున్న నర్సుకు నవ్వాగలేదు. చాంద్‌పాషాకు మాత్రం నవ్వు రాలేదు.

మరునాటి సాయంత్రం స్పందన, ఆమె తల్లి రేవతి సంత్రా పండ్లు పట్టుకుని షాజాదీ ఇంటికి వచ్చారు. చాంద్‌పాషా "కూసోండ్రి" అని ముక్తసరిగా అని, టోపీ సర్దుకుని దుకాణానికి వెళ్ళిపోయాడు. స్పందన తలెత్తలేదు. రేవతి ఏదో చెప్పబోయి, షాజాదీ తలను చూసి ఆగిపోయింది. జుట్టు చిక్కులు పడి భుజాల మీద చెదిరి ఉంది.

"అక్కా, జడ ఎవ్వలు ఎయ్యలేదా?"

"ఎవ్వలేస్తరు? ఆయనకు బటన్లు కుట్టొస్తది గని జడెయ్యొస్తదా? పొద్దుగాల జేసిండు, అది జడ గాదు, చాంతాడు."

రేవతి దువ్వెన ఎక్కడుందో అడిగి తెచ్చుకుని ఆమె వెనక కూర్చుంది. అప్పటి నుంచి రోజూ డ్యూటీ బస్సు పోయిన తర్వాత, భర్త విజయేందర్‌ను ఇంకా నడుస్తున్న పక్క గనికి రెండో షిఫ్టుకు సాగనంపి, ఆమె వచ్చి జడ వేసి పోయేది.

ఆ మొదటి సాయంత్రమే స్పందన నోరు విప్పింది.

"బెల్లు కొట్టిన ఖాలా. ఒట్టు."

"ఇన్న బిడ్డా. ఇన్నందుకే గద దుంకిన."

"నువ్వు ఎడమ దిక్కు జరుగుతవు అనుకున్న."

"నేనేమో గా సప్పుడు ఎడమ దిక్కుకెల్లే వస్తుందనుకున్న."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తప్పు ఎవరిదని అప్పటిదాకా మనసులో తూచుకుంటున్న ఇద్దరికీ ఆ మాట తర్వాత తూచడానికి ఏమీ మిగల్లేదు.

వారం తిరక్కుండానే ట్రాక్ గేటు దగ్గర ఒక బోర్డు లేచింది. 'నడిచేవారికి మాత్రమే. సైకిళ్ళకు, పశువులకు ప్రవేశం లేదు.' పొద్దున నడిచేవాళ్ళ సంఘానికి పెద్ద నాగయ్య. గనిలో ఓవర్‌మన్‌గా చేసి, తన కింద పనిచేసే కార్మికుల ప్రాణాలకు ఏళ్ళపాటు జవాబుదారీగా ఉండి రిటైరైన మనిషి. గేటును సగం మూసి, మనిషి మాత్రం పక్కకు తిరిగి దూరేంత సందు ఉంచాడు. చాంద్‌పాషా ఆ కబురు సంతోషంగా ఇంటికి మోసుకొచ్చాడు.

"మంచి పని చేసిండు నాగయ్య సార్. ఇగ నీకు ఫికర్ లేదు."

 షాజాదీ చేతికి కట్టుతో ట్రాక్ మీదికి ఎలాగూ పోలేదు. పోగలిగినా పోవాలని లేదు. గల్లీలో ఏ పిల్లవాడి సైకిలు బెల్లు మోగినా ఆమె ఒళ్ళు జలదరిస్తోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఒక సాయంత్రం జడ అల్లుతూ రేవతి చేతులు మధ్యలో ఆగాయి.

"ఏమైంది చెల్లె?"

"ఏం లేదక్కా. స్పందన బెల్లంపల్లి రోడ్డు మీద తొక్కుతాంది ఇప్పుడు. ట్రాక్ మీదికి రానిస్తలేరు గద. వద్దంటె ఇంటలేదు. అది ఇంటికొచ్చేదాక నా పానం పానంల ఉంటలేదు."

షాజాదీ ఆ మాటను ఆ పూటకు విని ఊరుకుంది. అది ఎంతటి మాటో కట్టు విప్పించుకున్న రోజున ఆమెకు కళ్ళారా తెలిసింది.

దవాఖాన నుంచి ఆటోలో తిరిగి వస్తోంది. మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. ఎదురుగా రోడ్డంచున వంగి తొక్కుకుంటూ వస్తున్న స్పందనను ఆమె దూరం నుంచే గుర్తుపట్టింది. ఆ పిల్ల వెనక బొగ్గు లారీ. దాని వెనక దాన్ని దాటాలని చూస్తున్న ఇంకో లారీ. రెండూ ఒకేసారి హారన్లు కొట్టాయి. స్పందన సైకిలు తారు మీది నుంచి జారి, పక్కన కంకరలో దిగి, అటూ ఇటూ ఊగి ఆగింది. ఒక కాలు నేల మీద ఆనించి, హ్యాండిల్ మీద తల వాల్చేసింది. లారీలు లేపిన నల్లదుమ్ము ఆమె మీద నుంచి పోయింది.

"ఆపు బేటా, ఆపు!" అని షాజాదీ ఆటో అతన్ని కేకేసింది. ఆటో ఆగి ఆమె దిగేలోగా స్పందన ముఖం తుడుచుకుని మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయింది. ఆ పిల్లకు షాజాదీ అక్కడ ఉన్నట్టే తెలియదు. కొంచెం ముందుకు పోతే ఇస్తారి తన బర్రెలను రోడ్డు దాటించలేక చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. బస్సు డ్రైవరు కిటికీలోంచి ఆయన్ను తిడుతున్నాడు.

ఆ మధ్యాహ్నం భర్తకు అన్నం వడ్డిస్తూ ఆమె అంది: "నాగయ్య సార్ ఇంటికి పోదాం రా."

"ఎందుకు?"

"ట్రాక్ తెరువుమని చెప్పనీకి."

చాంద్‌పాషా ముద్ద చేతిలోనే ఉంచుకున్నాడు. "నీకేమన్న అయిందా? నీ కోసమే గద ఆయన బంద్ చేసింది."

"నా చెయ్యి ఇరిగిందని బంద్ చేసిండ్రు. నన్నయితే ఎవ్వలు అడుగలే."

"నేను రాను," అన్నాడాయన.

ఆమె ఒక్కతే పోయింది. నాగయ్య క్వార్టరు ముందు క్రోటన్ మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. ఆమెను చూసి పైపు పక్కన పడేసి, "రా చెల్లె, కూసో. చెయ్యి నయమైందా?" అని కుర్చీ లాగాడు. ఆయన భార్య కమలవ్వ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

షాజాదీ దారి పొడుగునా ఏం మాట్లాడాలో అనుకుంటూనే వచ్చింది. తీరా కూర్చున్నాక అనుకున్నవేవీ గుర్తు రాలేదు.

"సార్, గనిల ఎవ్వలకన్న దెబ్బ తాకితె ముందుగాల ఏం జేసెటోళ్ళు?"

నాగయ్యకు ఆ ప్రశ్న వింతగా తోచింది. "పని బంద్ చేసెటోళ్ళం. గా జాగకు ఎవ్వర్ని పోనిచ్చెటోళ్ళం గాదు."

"తర్వాత?"

"తర్వాతేముంది, ఎట్లయిందో చూసెటోళ్ళం. దెబ్బ తాకినోన్ని అడిగెటోళ్ళం, పక్కన ఉన్నోళ్ళను అడిగెటోళ్ళం. ఏడ తప్పు జరిగిందో పట్టుకొని, సరిజేసి..." ఆయన ఆగాడు. "సరిజేసి మల్ల తెరిచెటోళ్ళం."

"నన్ను ఎవ్వలు అడుగలే సార్."

కమలవ్వ చాయ్ కప్పులు తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. నాగయ్య తాగకుండానే కప్పు కింద పెట్టేశాడు.

"నిజమే," అన్నాడు. "బంద్ చేసిన్నే గని అడుగలే. నాకు భయమైంది చెల్లె. ఇంకోపారి ఎవరన్న పడితె నా మీదికొస్తదని భయమైంది."

"గా పిల్ల ఇప్పుడు బొగ్గు లారీల నడుమ తొక్కుతాంది సార్. ఇయ్యాల నా కండ్లతోని చూసిన. గామెకేమన్న అయితె నాకు అన్నం ఎట్ల దిగుతది?"

ఆయన తల ఊపాడు. "ఆదివారం గేటు కాడికి అందర్ని పిలుస్త. నాకు చెప్పింది వాళ్ళకు చెప్పు."

"అందరి ముంగట మాట్లాడాల్నా?" షాజాదీకి చాయ్ కప్పు బరువెక్కింది.

ఆదివారం పొద్దున గేటు దగ్గర చిన్నపాటి జాతరలా జనం చేరారు. నడిచేవాళ్ళు ఒక పక్క, సైకిలు పిల్లలు ఒక పక్క. ఇస్తారి కాస్త దూరంగా బర్రెలతో నిలబడ్డాడు. మాటలు మొదలైన కాసేపటికే గొడవ పెరిగింది. "పోరగాండ్లు ఇమానాల లెక్క వస్తరు, మేము పక్కకు జరిగే టైమన్న ఇయ్యరు" అని ఒకాయన. "మీరు నలుగురు నాలుగు దిక్కుల అడ్డంగ నడిస్తె మేము మీ మీదికెల్లి పోవాల్నా?" అని రాకేశ్ అనే కుర్రాడు. అతనూ స్పందనతో పాటు పందేనికి తయారవుతున్నవాడే.

షాజాదీ రెండుసార్లు నోరు తెరిచింది. ఎవరికీ వినబడలేదు. అప్పుడు జనం వెనక నుంచి ఒక గొంతు లేచింది.

"జర సప్పుడు చెయ్యకుండ్రి! చెయ్యి ఇరిగింది ఆమెది. ఆమెను చెప్పనియ్యుండ్రి."

చాంద్‌పాషా. రానన్నవాడు ఎప్పుడు వచ్చాడో ఆమె చూడలేదు. అందరూ అటు తిరిగారు, ఆయన వేలు చూపిన వైపు ఆమెను చూశారు. ఇంక మాట్లాడక తప్పలేదు.

"నాకు బెల్లు ఇనబడ్డది," అంది. "ఇనబడలేదనుకుంటున్నరు మీరు. ఇనబడ్డది. గది ఏదో వస్తుందని చెప్పింది గని, ఎటుకెల్లి వస్తుందో చెప్పలే. నేను తొవ్వ నడుమల ఉన్న. ఎటు జరుగాల్నో నాకు తెల్వలే. నేను ఎటు జరుగుతనో పిల్లకు తెల్వలే. ఇద్దరం ఒక్క దిక్కే పోయినం. గంతే. దీంట్ల ఎవ్వల దుష్మనీ లేదు. ముందుగాల ఒక మాట అనుకొని ఉంటె ఇద్దరం పడకపోతుంటిమి."

 నాగయ్య ముందుకొచ్చాడు.

"అయితె ఆ మాట ఇప్పుడే అనుకుందాం. నడిచెటోళ్ళు ఎడమ దిక్కు ఉండాలె. సైకిలోళ్ళు ఎనకకెల్లి వస్తే కుడి దిక్కుకెల్లి దాటాలె. స్పందనా, నువ్వు సైకిల్ తీసుకరా. చెల్లె, నువ్వు నడువు. చూద్దాం ఎట్లుంటదో."

స్పందన సైకిలు పట్టుకుని షాజాదీ దగ్గరకు వచ్చింది. "నాతోని కాదు ఖాలా," అంది మెల్లగా. "మల్ల నీ మీద పడ్తనేమో."

"నాతోని గూడ కాదు," అంది షాజాదీ. "అయినా చూద్దాం."

ఆమె ట్రాక్ ఎడమ అంచున నడవడం మొదలుపెట్టింది. వెనక మొరం మీద చక్రాల చప్పుడు. తర్వాత బెల్లు. అంతే, ఆమె కాళ్ళు అక్కడికక్కడే బిగుసుకుపోయాయి. రెండు చేతులూ ఛాతీకి అదుముకుని, కళ్ళు మూసుకుని నిలబడిపోయింది. స్పందన చాలా దూరంలోనే బ్రేకు వేసి దిగేసింది. జనంలో ఎవరూ నవ్వలేదు. చాంద్‌పాషా ఒక అడుగు ముందుకు వేశాడు. రేవతి ఆయన్ను ఆగమన్నట్టు చెయ్యి చూపింది.

స్పందన సైకిలును స్టాండు వేసి ఆమె దగ్గరకు నడిచి వచ్చింది.

"బెల్లుకు భయమైతాంది గద ఖాలా?"

"అవు బిడ్డా. ఇంట్ల గూడ గంతే. ఎవ్వలకు చెప్పలే."

"అయితె దగ్గరికొచ్చి బెల్లు కొట్ట. దూరంకెల్లే పిలుస్త. నా గొంతు గుర్తువడ్తవు గద?"

రెండోసారి ఆమె నడుస్తుంటే వెనక ఎక్కడో దూరం నుంచి, ఇంటి అరుగు మీది నుంచి పిలిచినంత మామూలుగా, పిలుపు వచ్చింది.

"ఖాలా! స్పందనను! కుడి దిక్కుకెల్లి వస్తున్న!"

షాజాదీ తిరిగి చూడలేదు. ఎడమచేయి కొంచెం పైకెత్తి, రమ్మన్నట్టు ఊపింది. అదే నడకతో అదే అంచున నడుస్తూ పోయింది. చక్రాల చప్పుడు మెల్లగా దగ్గరైంది, పక్కకు వచ్చింది. మనిషి చెయ్యి చాపినంత దూరం నుంచి సైకిలు ఆమెను దాటిపోయింది. బుర్ఖా అంచును గాలి తాకింది, అంతకు మించి ఏమీ కాలేదు. ముందుకు పోయిన స్పందన వెనక్కి తిరిగి చూసి నవ్వింది. ఆ తర్వాత గానీ షాజాదీ ఊపిరి వదల్లేదు.

"మంచిగుంది," అన్నాడు నాగయ్య. "ఇప్పుడు మేము నడుస్తం. రాకేశ్, నువ్వు రా."

నాగయ్య, ఆయన ముగ్గురు స్నేహితులు బయలుదేరారు. పదడుగులు పోయేసరికే అలవాటు కొద్దీ నలుగురూ ఒకే వరుసలో దారంతా పరుచుకున్నారు. రాకేశ్ పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. గొంతు చించుకున్నాడు. చివరికి సైకిలు దిగి, నడిచి వెళ్ళి నాగయ్య భుజం తట్టాల్సి వచ్చింది. చూస్తే ఆయన రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. అలవాటులో పెట్టేసుకున్నాడు.

జనం గొల్లుమన్నారు. నాగయ్య ముందు బిక్కమొహం వేసి, తర్వాత తనూ నవ్వి, ఇయర్‌ఫోన్లు తీసి జేబులో వేసుకున్నాడు. "ఒక చెవు ఖాళీ ఉంచాలె," అన్నాడు. "ఇద్దరికంటె ఎక్కువ వరుస కట్టొద్దు. గిది నాకు నేనే చెప్పుకుంటున్న."

"మరి నా బర్లు?" అని దూరం నుంచి అడిగాడు ఇస్తారి. "వాటికి కుడెడమలు తెల్వయి."

మళ్ళీ నవ్వులు. ఈసారి ఇస్తారి నవ్వలేదు. "నవ్వుండ్రి గని, రోడ్డు మీద లారీ కింద నా దూడ పోయేటిది మొన్న. బర్లు కనబడంగనే సైకిల్ దిగి పక్కకు నిలబడుండ్రి. బెల్లు కొట్టొద్దు, ఒర్రొద్దు. బెదిరితెనే పొడుస్తయి, లేకపోతె వాటి తొవ్వన అవి పోతయి. నేను గూడ మీ నడక అయినంకనే తోలుకొస్త."

"పేడ?" అని ఎవరో అడిగారు.

"పేడ నాకిడిసిపెట్టుండ్రి," అంది గేటు పక్కన మొక్కల నర్సరీ నడిపే తారాబాయి. "ఎత్తుకపోయే పూచీ నాది. ఒక్క ముద్ద గూడ మీకు మిగల్నియ్య."

ఆ పూటే సగం మూసిన గేటును తెరిచారు. పాత బోర్డుకు తెల్లరంగు వేసి, రాకేశ్ చేత కొత్తగా రాయించారు. ఎడమ పక్క నడవమని, దాటే ముందు పిలవమని, వేగంగా పోయేవాడే నెమ్మదించాలని, పశువులు వస్తే అందరూ ఆగాలని, మోరీ వంపు దగ్గర ఎంతటి వాడైనా సైకిలు దాదాపు నడిపించినట్టే పోవాలని.

బోర్డు చెప్పింది అందరూ విన్నారని కాదు. ఒక కుర్రాడు వంపులో దూసుకొచ్చి నాగయ్య చేత చీవాట్లు తిన్నాడు. ఒకామె, నేను పుట్టినప్పటి నుంచి నడుమలనే నడుస్తున్నానని రాకేశ్‌తో తగాదా పెట్టుకుంది. బర్రెలను ఫోటో తీయబోయి ఒకతను తంగేడు పొదలో పడ్డాడు. అయినా చూస్తుండగానే పిలుపులు అలవాటయ్యాయి. 'కుడి దిక్కుకెల్లి', 'రా రా', 'పైలం తమ్మీ', 'థాంక్స్ కాకా' అన్న మాటలు పొద్దున పూట ఆ టేకు చెట్ల మధ్య అటూ ఇటూ తిరుగుతుండేవి. అప్పటిదాకా ముఖాలు మాత్రమే తెలిసిన వాళ్ళకు ఒకరి పేర్లు ఒకరికి తెలిశాయి.

షాజాదీకి భయం ఒక్కసారిగా పోలేదు. మోరీ దగ్గర వంపు రాగానే కాళ్ళు వెనక్కి లాగేవి. కొన్నాళ్ళు స్పందన సైకిలును గేటు దగ్గర వదిలి ఆమెతో పాటు ఆ వంపు దాకా నడిచేది. ఒక పొద్దున స్పందనకు పరీక్ష ఉండి రాలేదు. షాజాదీ చెప్పులు విప్పి బూట్లు వేసుకుంటుంటే చాంద్‌పాషా తలుపు దగ్గర నిలబడి, "నేనొస్త" అన్నాడు.

"మిషిని తొక్కెటోనికి నడకేంది అంటివి?"

"నడక కోసం గాదు. నీ కోసం."

ఆయన వెనక చేతులు కట్టుకుని, దారికి నట్టనడుమ, దుకాణానికి పోతున్నట్టు నడిచాడు. ఆమె చొక్కా పట్టుకుని ఎడమకు లాగింది. మళ్ళీ నడుమకు వచ్చాడు. మళ్ళీ లాగింది. వంపు దగ్గరకు వచ్చేసరికి ఆమె ఆయన్ను లాగే పనిలో పడి, అది వచ్చిందనీ పోయిందనీ గమనించలేదు. దాటాక తెలిసి నిలబడిపోయింది.

"ఏమైంది? అలిసిపోయినవా?" అని అడిగాడాయన.

"లే. పోదాం పా," అంది.

ఎండాకాలంలో ఆదిలాబాద్ పందెంలో స్పందన ఐదోదిగా వచ్చింది. ఏడుస్తుందేమోనని రేవతి భయపడింది. కానీ ఆ పిల్ల ఇంటికి వస్తూనే షాజాదీ దగ్గరకు పరుగెత్తి, "ముప్పై మందిల ఐదో నంబర్ ఖాలా! వానాకాలం అయినంక కరీంనగర్‌ల ఇంకోటి ఉంది. దాంట్ల చూడు" అంది. షాజాదీ ఆమె నోట్లో ఇంత షీర్ కుర్మా పెట్టి, "తిను ముందు, బక్కగైనవు" అని కసిరింది.

తొలకరి తర్వాత టేకు చెట్లు కొత్త ఆకులు వేశాయి. అప్పటికి షాజాదీ వెంట నడిచే ఆడవాళ్ళ జట్టు ఒకటి తయారైంది. కమలవ్వ వచ్చేది, తారాబాయి వచ్చేది, షాజాదీ గల్లీ నుంచి ఇద్దరు ముగ్గురు బుర్ఖాల వాళ్ళు వచ్చేవాళ్ళు. మాటల్లో పడితే వీళ్ళూ దారంతా పరుచుకునేవాళ్ళు. అలాంటి ఒక తడి పొద్దున వెనక నుంచి స్పందన పిలుపు వినబడింది. "ఖాలా! నలుగురం వస్తున్నం!"

నవ్వుకుంటూ ఆడవాళ్ళు ఎడమ అంచున ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. స్పందన దాటింది. ఆమె వెనక చిన్న సైకిళ్ళ మీద ముగ్గురు ఆడపిల్లలు. కొత్తగా నేర్పుతోంది కాబోలు. తలకు పెద్ద హెల్మెట్లు, మునివేళ్ళకు మాత్రమే పెడల్ అందే కాళ్ళు. వాళ్ళలో చివరి పిల్ల ఆడవాళ్ళ కుడిపక్కగా సరిగ్గానే దాటుతూ, గొంతెత్తి అరిచింది:

"ఎడమ దిక్కుకెల్లి వస్తున్నా!"

కమలవ్వ కంగారుగా ఎటు జరగాలో తెలియక తారాబాయిని పట్టుకుంది. అందరూ పగలబడి నవ్వారు. షాజాదీ చేతులు నోటికి అడ్డం పెట్టుకుని వెనక నుంచి గట్టిగా అరిచింది.

"కుడి బిడ్డా, కుడి!"

"ఆఁ, కుడి!" అంటూ ఆ పిల్ల చెయ్యి ఎత్తబోయి, సైకిలు ఊగితే గబుక్కున మళ్ళీ హ్యాండిల్ పట్టుకుని, వంపు దగ్గర నెమ్మదించింది.